బుగ్గలో దూది

పళ్ల డాక్టరు ఆరాధన తన క్లినిక్ ముందు కొత్త బోర్డు పెట్టింది. పంటి వైద్యంతో పాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారని, వివరాలు గోప్యమని. గోప్యం అన్న మాట బస్సులోంచి కూడా కనిపించేంత పెద్దగా, ఎర్రరంగులో రాయించింది. ఆ రోజు నుంచి కరీంనగర్‌లోని మా సాంచెల వీధిలో, అంటే మరమగ్గాల వీధిలో, ఎవరికీ పంటినొప్పి లేదు. బుగ్గ వాచినవాళ్లు కూడా నవ్వుకుంటూ తిరిగారు. పరువున్న వీధి మాది.

మగ్గాల సంఘం పెద్ద బాలమల్లు నేరుగా క్లినిక్‌కే వెళ్లాడు.

"గా బోర్డు తీసెయ్ బిడ్డా. మా వీధికి గసొంటి రోగాలు రావు."

"రోగం వీధి పేరు అడిగి వస్తదా పెద్దయ్యా?" అంది ఆరాధన. అయినా బోర్డు తీసేసింది. పరీక్ష మాత్రం మానలేదు. కుర్చీలో కూర్చున్న ప్రతివారినీ మెల్లగా అడిగేది, సరేనంటే వేలి నుంచి చుక్క రక్తం తీసేది.

కావాలని వచ్చిన మొదటి మనిషి బాలలక్ష్మి. ఆమె భర్త ఓంప్రకాశ్ ముంబై పక్కన భివండిలో సాంచెలు నడుపుతాడు, ఇంటికొచ్చి ఏడాది దాటింది. అతని గదిలో ఉండే స్నేహితుడు ఈ జబ్బు ఆలస్యంగా బయటపడి మంచాన పడ్డాడు. ఇద్దరూ కలిసి తిరిగినవాళ్లే. దసరాకు ఓంప్రకాశ్ ఇంటికి వచ్చేస్తున్నాడు. ఆమె భయమంతా అదే.

పరీక్షలో ఆమెకు ఏమీ లేదని తేలింది. ఆమె లేవలేదు.

"బయట అత్తమ్మ కూసున్నది. పన్ను పీకించుకుంటనని వచ్చిన. ఉత్తగ ఎట్ల పోవాలె?"

ఆరాధన ఆమె బుగ్గలో ఇంత దూది పెట్టి పంపింది.

ఈ సౌకర్యం వీధంతా పాకింది. మంచి పళ్లున్నవాళ్లు క్యూ కట్టారు, దూదితో దర్జాగా బయటికొచ్చారు. ఇంతమందికి పళ్లూడుతుంటే నీళ్లే చెడ్డవని బాలమల్లు మున్సిపాలిటీకి అర్జీ పట్టుకెళ్లాడు. ఆయన మాట అక్కడ సగమే అర్థమైంది, బుగ్గలో దూది ఉంది. అది ఎందుకో మేమెవరమూ అడగలేదు.

ఓంప్రకాశ్ వచ్చాడు. పరీక్ష మాట ఎత్తగానే మండిపడ్డాడు.

"నన్ను అనుమానిస్తున్నవా? నా పండ్లు మంచిగున్నయ్."

బాలలక్ష్మి తన చాప తీసుకెళ్లి అత్త కనకవ్వ పక్కన వేసింది. కనకవ్వ కొడుకు వైపు తిరిగింది.

"నావి గూడ మంచిగనే ఉన్నయ్ బిడ్డా. అయినా పోయి దూది పెట్టుకొనొచ్చిన. మీ బాపు సూరత్ నుంచి వచ్చినప్పుడు అడగడానికి నాకు నోరు రాలే. ఆయన పోయి ఇన్నేండ్లాయె, భయం పోలే. మొన్న పరీక్షల ఏం లేదన్నంక పోయింది. కోడలు అడిగింది. నువ్వు పో."

మర్నాడు ఓంప్రకాశ్ వెళ్లాడు. అరుగుల మీద మేమంతా కూర్చుని ఉన్నాం, పనేమీ లేనట్టు. అతను దూదితోనే బయటికొచ్చాడు. తమ ఇంటి గుమ్మంలో నిలబడ్డ బాలలక్ష్మిని చూడగానే అది తీసి పారేశాడు.

"ఉన్నట్టే కనవడ్డదట. పెద్ద దవాఖానల ఖాయం జేస్తరట. మందులు రోజూ ఏసుకుంటే మంచిగనే ఉంటనట. నీకు రాకుండ గూడ మందున్నదట."

 బాలలక్ష్మి నడివీధిలోకి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.   బాలమల్లు చెయ్యి మెల్లగా, ఒకప్పుడు దూది పెట్టుకున్న తన బుగ్గ మీదికి పోయింది.