జాబితాలో చివరి పది

మా అత్త తనిఖీ అయ్యేదాకా మా వర్క్‌షాపులో ఎవరూ కత్తెర కూడా ముట్టుకోకూడదు. ఎవరూ అంటే పెద్ద సైన్యమేమీ లేదు. బొమ్మల మొహాలు చేసే మా మేనత్త, లైట్లూ కెమెరా చూసుకునే మావయ్య, బొమ్మల లోపల తీగలూ కీళ్లూ అమర్చే నేను. ముగ్గురం కలిసి క్లే బొమ్మలతో సినిమాలు తీస్తాం. బొమ్మని వెంట్రుకవాసి కదపడం, ఒక ఫొటో తీయడం, మళ్లీ కదపడం, మళ్లీ ఫొటో. పన్నెండు ఫొటోలైతే ఒక సెకను. మేం మధ్యాహ్నం భోజనానికి లేచే వేళకి మా బొమ్మ ఇంకా కుర్చీలోంచి లేస్తూనే ఉంటుంది.

ఈ తనిఖీ ఆర్నెల్ల కిందట మొదలైంది. అంతకుముందు కూడా అత్త పనిముట్లని శుభ్రంగానే చూసుకునేది కానీ ఇంత హడావిడి లేదు. ఉన్నట్టుండి ఒకరోజు గోడకి జాబితా అంటించింది. సన్నకత్తులు ఆరు, జిగురు కరిగించి పోసే గ్లూ గన్ ఒకటి, థర్మకోల్ కోసే వేడితీగ ఒకటి, చిన్న డ్రిల్లు ఒకటి, పట్టకార్లు నాలుగు. రోజూ సరిగ్గా తొమ్మిదింటికి కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని ఒక్కొక్కదాన్నీ దీపం కింద తిప్పి తిప్పి చూసి టిక్కు పెట్టేది.

"ఈ బ్లేడు మొద్దుబారింది. మార్చు."

"నిన్ననేగా మార్చాను అత్తా!"

"నిన్న నిన్నే, ఇవాళ ఇవాళే. మొద్దు బ్లేడైతే బలం పెడతావు. బలం పెడితే జారుతుంది. జారితే నీ బొటనవేలు నేను క్లేలో వెతుక్కోవాలి."

గ్లూ గన్ వైరు ఎక్కడైనా నలిగిందేమోనని చూసేది, డ్రిల్లు మూతిలో దుమ్ము ఉంటే బ్రష్షుతో దులిపేది. నాకసలే ముక్కు మీద కోపం. పనికి కూర్చునేసరికి పదవుతుంటే ఒళ్లు మండేది. ఆమెకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టి, గదిలోకి రాగానే లేచి సెల్యూట్ కొట్టేదాన్ని. మావయ్య నోట్లో నాలుక లేని మనిషి. నవ్వేసి టీ పెట్టడానికి వెళ్లిపోయేవాడు.

ఆ టీతో ఇంకో గొడవ. మావయ్య తెచ్చే టీ ఎప్పుడూ చల్లారిపోయి ఉండేది.

"ఏమండీ, ఈ టీ ఏ కాలంలో కాచారు?" అనేది అత్త.

"తెచ్చేలోపు చల్లారిందోయ్," అనేవాడు మావయ్య. వంటగదికీ మా బల్లకీ మధ్య దూరం పది అడుగులు.

అప్పుడు మేం తీస్తున్నది గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన కథ. సినిమా మొత్తం మూతి ముడుచుకునే ఉండే ఆ ముసలాయన చివర్లో, వాన వెలిశాక, తనలో తాను ఒకసారి నవ్వుతాడు. ఎనిమిది సెకన్ల నవ్వు. అంటే తొంభై ఆరు ఫొటోలు. కథ అనుకున్న రోజే అత్త తేల్చి చెప్పేసింది.

"ఈ నవ్వు నాది. ముప్ఫై ఏళ్లుగా మొహాలు చేస్తున్నా, ఇలాంటిది నాకు దొరకలేదు. ఇందులో ఎవరు వేలు పెట్టినా ఊరుకోను."

ఏడాదిగా ఆమె ఆ ఎనిమిది సెకన్ల కోసమే కాచుకుని ఉందని నాకూ మావయ్యకీ తెలుసు.

నవ్వు మొదలుపెట్టడానికి ఇంకో వారం ఉందనగా, ముందురోజు తీసిన ఫొటోలని కంప్యూటర్లో చూస్తున్నాను. అరవై ఒకటో ఫొటోలో ముసలాయన తెల్లచొక్కా శుభ్రంగా ఉంది. అరవై రెండో దాంట్లో చేతి మడత మీద ఎర్రటి చుక్క. రంగు పడిందేమో అనుకున్నాను. కానీ ఆ రోజు ఎర్రరంగు డబ్బా మూత కూడా తీయలేదు.

లేచి అత్త దగ్గరికి వెళ్లాను. కూనిరాగం తీస్తూ రేపటి ఫొటోలకి కావలసిన బొమ్మ చెవులు చేసుకుంటోంది. ఎడమచేతి చూపుడువేలి మీద అంగుళం పొడవు కోత, నెత్తురు గడ్డకట్టి ఉంది. పక్క వేలి మీద నీళ్లబొబ్బ.

"వేలు కోసుకున్నావా అత్తా?"

"ఎక్కడ?" అంది.

చెయ్యి తిప్పి చూసుకుంది. వేరెవరి చేతినో చూస్తున్నట్టు చూసింది. ఆ తర్వాత గబుక్కున చెయ్యి కొంగులో దాచేసి, "ఓ, ఇదా, ఏదో గీసుకుంది," అంది. మా అత్తకి అబద్ధం చెప్పడం చేతకాదు.

తిరిగొచ్చి సినిమా మొదటి నుంచీ ఫొటోలు తెరిచాను. క్లే బొమ్మల మొహాల మీద వేలిముద్రలు పడటం మామూలే. ఏడాది కిందటి ఫొటోల్లో అత్త ముద్రలు కళ్లలో వత్తులు వేసుకుని వెతికితే తప్ప కనబడలేదు. ఆర్నెల్ల కిందటి వాటిలో చూడగానే కనబడ్డాయి. పోయిన నెలవాటిలో ముసలాయన బుగ్గ నిండా బొటనవేలు దిగబడిన గుంటలే. ఎంత నొక్కుతోందో ఆమెకే తెలియడం లేదు. ఆ తనిఖీ ఎందుకు మొదలైందో నాకప్పుడు అర్థమైంది.

బుద్ధున్న మనిషైతే పక్కకి పిలిచి మెల్లగా అడిగేది. నాకేమో భయమేసినా కోపమే వస్తుంది. మర్నాడు అందరికంటే ముందొచ్చి కత్తులూ గ్లూ గన్నూ వేడితీగా అన్నీ నా పెట్టెలో పడేసి తాళం వేశాను.

తొమ్మిదింటికి అత్త పెన్ను పట్టుకుని వచ్చింది. ఖాళీ బల్ల చూసింది.

"ఏమే, దొంగలు పడ్డారా?"

"నేనే తీసి దాచాను. నీ వేళ్లకి స్పర్శ లేదు. తెగినా కాలినా తెలియట్లేదు నీకు. మాకు చెప్పకుండా రోజూ కత్తులు పట్టుకుంటున్నావు."

అత్త ఒంటికాలి మీద లేచింది. "నా చేతులు నా ఇష్టం! కత్తి ఎటు పట్టుకోవాలో కూడా తెలియకుండా వచ్చావు. నీకు నేర్పిందెవరే?"

"నువ్వే! కత్తి పట్టుకున్న చెయ్యి ఎక్కడుందో క్షణక్షణం తెలుస్తుండాలని చెప్పిందీ నువ్వే!"

అత్త పెన్ను బల్ల మీద పడేసింది. స్టూలు మీద కూర్చుంది. తర్వాత ఆమే చెప్పింది. షుగరు. ముందు పాదాలు మొద్దుబారాయి, తర్వాత వేళ్లు. స్పర్శ మళ్లీ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. వేడికీ పదునుకీ దూరంగా ఉండమన్నాడు.

"ముట్టుకుంటే తెలియట్లేదు కనక కళ్లతోనైనా చూసుకుందామని ఆ జాబితా రాసుకున్నా," అంది తల దించుకుని. "మీకు చెబితే ఆ నవ్వు నా చేతిలోంచి లాక్కుంటారు. అదొక్కటీ అయ్యాక నేనే చెబుదామనుకున్నా. అదొక్కటేనే."

మావయ్య టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయి ఉన్నాడు. మెల్లగా వచ్చి పళ్లెం బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుసోయ్," అన్నాడు.

ఇద్దరం అతని వంక చూశాం.

"ఒకరోజు స్నానానికి నీళ్లు పొగలు కక్కుతుంటే అలాగే పోసుకోబోయావు, గుర్తుందా? చెంబు లాక్కున్నాను. అప్పట్నుంచి టీ చల్లార్చే తెస్తున్నా. నువ్వు గ్లాసు మొత్తం గుప్పిట్లో పట్టుకుంటావు కదా."

"ఆర్నెల్లూ తిట్లు తిన్నారా?" అంది అత్త.

"నువ్వే చెబుతావులే అని ఆగాను. తిట్లేమైనా కొత్తా నాకు?"

అత్త నవ్వబోయి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ కోపం కూడా తగ్గలేదు. "తెలిసీ ఆమె చేతికి గ్లూ గన్ ఎలా ఇచ్చావు మావయ్యా?" అని అరిచాను. "తప్పే చేశానమ్మా," అన్నాడు.

ఆ నవ్వు నేను చేస్తానన్నాను. అత్త కళ్లు తుడుచుకుని, విడిగా ఉన్న ఒక తలకాయ నా ముందు పెట్టి, "ఏదీ, కానీ," అంది. గంటసేపు కుస్తీ పడ్డాను. తీరా చూస్తే ముసలాయన తుమ్మబోయి ఆగిపోయినట్టున్నాడు.

"నీది కీళ్ల చెయ్యి తల్లీ, మొహాల చెయ్యి కాదు," అంది. ఆ తలకాయని ఆమె ముందుకే తోసేశాను.

అలా ఒప్పందం కుదిరింది. కోసేవీ కాల్చేవీ అన్నీ నేనే పట్టుకుంటాను. అత్త చేతికి క్లే, గుండ్రటి మొనలున్న చెక్కపుల్లలు తప్ప ఇంకేమీ అందవు. మావయ్య వేడి లైటుకీ ఆమె మోచేతికీ మధ్య అడ్డంగా ఒక చెక్క బిగించాడు. నేను గోడ మీది జాబితా అడుగున ఇంకో వరస రాశాను: అత్త వేళ్లు, పది.

"నన్ను కూడా పనిముట్లలో కలిపేశావటే?"

"అన్నిటికంటే పాతదానివి నువ్వే. ఎక్కువ చూసుకోవాలి."

"చూసుకో మరి," అని రెండు చేతులూ చాచింది. గంటకోసారి పని ఆపి, తడిగుడ్డతో క్లే తుడిచి, ఒక్కొక్క వేలూ దీపం కింద తిప్పి చూసి టిక్కు పెట్టేదాన్ని. తోలు పగలకుండా సాయంత్రం నూనె రాసేదాన్ని. మొదటి రోజు గొణిగింది. మూడో రోజుకి గంట కొట్టకముందే చేతులు చాచేసేది.

ఆమె వేళ్లకి తెలియనిది నా కళ్లు చెప్పాలి. "కొంచెం పైకి. చాలు. ఎక్కువైంది అత్తా, ఎక్కువైంది." తొమ్మిది రోజులు నా మాట వింటూ చేసింది, ఆ మనిషి! నలభయ్యో ఫొటో దగ్గర బలం ఎక్కువై ముసలాయన పైపెదవి జారిపోయింది. మూడు ఫొటోలు పారేయాల్సి వచ్చింది. అత్త లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మా వైపు వీపు పెట్టి చాలాసేపు నిలబడింది. ఇక చాలు, ఆపేద్దాం అనాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అత్త తిరిగొచ్చి, "ముప్ఫై ఎనిమిది నుంచి," అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మావయ్య తొంభై ఆరో ఫొటో తీశాడు. అన్నీ కలిపి తెర మీద ఆడించాడు. ముసలాయన మూతి ఒక చివర వణికింది, బుగ్గ మెల్లగా పైకి లేచింది, కళ్ల కింద ముడతలు పడ్డాయి. అంతసేపు బిగబట్టుకున్న మనిషి ఇక ఆపుకోలేక నవ్వేశాడు. ముగ్గురం నాలుగుసార్లు చూశాం.

అప్పుడు అత్త నావైపు తిరిగి, "ఒకసారి వాణ్ణి ముట్టుకోవే," అంది.

"నేనా?"

"పని అయిపోయిందిగా. ముట్టుకుని చెప్పు. నేను ముట్టుకుంటే నాకేం తెలుస్తుంది?"

ముసలాయన బుగ్గ మీద వేళ్లు ఆనించాను.

"నున్నగా ఉందా?"

అవుననడం ఎంతసేపు? కానీ అత్త నా మొహంలోకే చూస్తోంది. "లేదత్తా. గుంటలు గుంటలుగా ఉంది. అన్నీ నీ బొటనవేలివే."

తలూపింది. "మెత్తగా ఉందా?"

"మెత్తగానే ఉంది."

"ఇంకా?"

"వెచ్చగా ఉందత్తా. లైట్ల కింద ఉన్నాడుగా, ఒంట్లో నెత్తురున్నట్టే ఉంది."

అత్త తన బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. "వెచ్చగా ఉన్నాడా," అంది మెల్లగా. "ఇన్ని రోజులూ నాకు చల్లగానే ఉన్నాడే."

మావయ్య లైట్లు ఆర్పబోయి ఆగాడు. నేను చెయ్యి తీయబోయాను.

"ఉంచవే," అంది అత్త. "ఇంకాసేపు ఉంచు."