కింది సొరంగం

పీపా అడుగున ఉన్న చిన్న తలుపులోంచి ముందు కుడిచెయ్యి, తర్వాత తల దూర్చాడు. ఒక భుజం వాల్చి రెండో భుజాన్ని లోపలికి లాక్కున్నాడు. నడుము, కాళ్ళు వాటంతటవే వచ్చేశాయి. మోకాళ్ళ మీద కూర్చుని, బయట పెట్టిన దీపం అందుకుని, చెక్కకు పట్టిన ఎర్రటి గారను ఇనప రేకుతో గీకడం మొదలుపెట్టాడు. గీకిన పొడి మోచేతుల దాకా అంటుకుంది.

గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. అందుకే ఆ పని అతనిదైంది. వైన్ ఊరే ఆ పెద్ద పీపాల్లోకి మిగతా పనివాళ్ళెవరూ దూరలేరు. దూరగలిగినవాడు గనక అతనికి ‘పీపా’ అని పేరు పెట్టి, ఎండుపుల్లలాంటి మనిషిని ఆ పేరుతో పిలుస్తూ ఇన్నేళ్ళుగా నవ్వుకుంటూనే ఉన్నారు. అతనూ నవ్వేవాడు. అసలు పేరు భార్యకు కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికొచ్చేది.

బయట నోట్లో నాలుక లేని మనిషి. పీపాలోకి దూరితే మాత్రం పాడేవాడు. పదాలు పెద్దగా ఉండేవి కావు, రాగమే. అక్కడ అతని గొంతు నాలుగింతలై తిరిగొచ్చి అతన్నే చుట్టుకునేది. ఈ ఉదయం పాడలేదు. తల దిమ్ముగా ఉంది. నాలుగైదు రోజుల నుంచీ అంతే, కింది సొరంగం శుభ్రం చేస్తున్నప్పటి నుంచీ.

పైన కొండ ఉంది. తాతల తాతలు పుట్టక ముందెప్పుడో నిప్పులు కక్కి చల్లారిన కొండ. దాని బూడిద నల్లమట్టిగా మారిన వాలులోనే ద్రాక్షతోటలు. కొండ అడుగున ఒకప్పుడు గంధకం తవ్వేవారు. ఆ గని మూతపడ్డాక దాని నోటి దగ్గరే ఈ వైన్ నేలమాళిగ కట్టారు. మాళిగ వెనకగోడలో ఒక ఇనపతలుపు, తలుపు అవతల కిందికి దిగే రాతిమెట్లు, ఆ మెట్ల కింద పాత గని సొరంగం. చాలాకాలంగా అక్కడ విరిగిన పీపాలు తప్ప ఏమీ లేవు.

ప్రతి ఏడూ ద్రాక్ష కోతలప్పుడు భూగర్భశాస్త్రం చదివే పిల్లలు బస్సులో వచ్చేవారు. పొద్దున కొండ మీద నిప్పులు కక్కిన గుంట, మధ్యాహ్నం పక్క లోయలో ఇంకా తవ్వుతున్న గని, సాయంత్రం ఇక్కడ. ఈసారి వాళ్ళకు సొరంగంలోనే విందు పెట్టాలని మేస్త్రీకి బుద్ధి పుట్టింది. గోడల్లో బూడిద పొరలు పొరలుగా కనిపిస్తుంది, చదువుకునే పిల్లలకు అంతకంటే ఏం కావాలని అతని ఉద్దేశం. బల్లలు దించారు. దీపాలు పెట్టారు. అద్దెకు తెచ్చిన గాజు గ్లాసులు పళ్ళెంలో సర్దారు.

దించిందీ సర్దిందీ ఎక్కువగా పీపాయే. మొదటి రోజు మెట్ల చివర పిచ్చుక ఒకటి పడి ఉంటే తీసి బయట పారేశాడు. రెండోరోజు ఇంకొకటి. ఎప్పుడూ కాళ్ళలో కాళ్ళలో తిరిగే మాళిగ కుక్క ఇనపతలుపు దాకా వచ్చి, చెవులు వెనక్కి పెట్టి కూర్చుండిపోయేది. పిలిస్తే మూలిగేది. లోపల నేల మీద పెట్టిన దీపం ఎంత వత్తి పెంచినా కుంచించుకుపోయేది. అదే దీపాన్ని భుజం ఎత్తుకు లేపితే మళ్ళీ వెలిగేది. మోకాళ్ళలో పట్టు తప్పేది. పైకొచ్చి మాళిగ గుమ్మంలో కాసేపు కూర్చుంటే సర్దుకునేది.

పీపాలోంచి బయటపడి చేతులు కడుక్కుంటుంటే మేస్త్రీ వచ్చాడు. వయసులో చిన్నవాడే. మంచివాడే.

“ఏం బాబాయ్, కింద అంతా రెడీయేనా?”

“ఆఁ, రెడీయే.” పీపా తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. “కింద... కాస్త ఎలాగో ఉంటోంది.”

“ఎలాగో అంటే?”

“దీపాలు నిలవట్లేదు. తల తిరుగుతోంది.”

“పాత సొరంగం కదా బాబాయ్, తేమ. నీకా, వయసు.” మేస్త్రీ నవ్వి భుజం తట్టాడు. “ఇవాళొక్కరోజు గట్టెక్కించు. రేపు పడుకుందువుగాని.”

పీపా కూడా నవ్వాడు.

మధ్యాహ్నం పెరట్లో పందిరి కింద భార్య పక్కన కూలబడ్డాడు. ఆమె పని గుత్తుల్లోంచి కుళ్ళిన పళ్ళు ఏరడం. వేళ్ళు ఊదారంగుకు తిరిగి ఉన్నాయి. రొట్టె విరిచి చేతిలో పెడుతూ అతని మొహంలోకి చూసింది.

“ఏమయ్యా, మొహం సున్నం కొట్టినట్టుందేం?”

చెప్పాడు.

“మరి మేస్త్రీకి చెప్పావా?”

“చెప్పాను.”

“ఎవరికి చెప్పావు? ఆయనకా, నేలకా?”

అతను రొట్టె ఇంకో ముక్క కొరికాడు. ఆమె అంతకంటే పొడవలేదు. కూతురు చిన్నప్పుడు జ్వరంతో మూలుగుతుంటే ఎత్తుకుని ఆసుపత్రి వరుసలో నిలబడ్డాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే ‘మాది అర్జెంటండీ’ అని ముందుకెళ్తుంటే పక్కకు జరిగి దారిచ్చాడు. చివరికి ఈమె పని నుంచి పరుగెత్తుకొచ్చి, పిల్లను లాక్కుని డాక్టరు గది తలుపు తోసింది. కూతురు ఇప్పుడు పట్నంలో నర్సు. ఆ సంగతి తలుచుకుని ఇప్పటికీ నవ్వుతుంది. భార్య మాత్రం నవ్వదు.

“పొద్దువాలితే నేను ఇంటికెళ్ళి పొయ్యి వెలిగిస్తాను. తొందరగా రా” అంది.

బస్సు వచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది. పిల్లలు బిలబిలమంటూ దిగారు. బూట్లకు బూడిద, వీపుల మీద సంచులు. వాళ్ళ మేడమ్ పొట్టి మనిషి. ఎండకు కమిలిన ముక్కు. మాళిగలో తొట్ల మధ్య నిలబడి పొద్దున చూసినదాన్ని మళ్ళీ గుర్తుచేస్తోంది. పీపా ఇనపతలుపు పక్కన నిలబడి విన్నాడు.

“గుంట దగ్గర పల్లంలో చచ్చిపడిన నక్కను చూశారుగా? ఒంటి మీద గాయం ఉందా? లేదు. కొండ చల్లారిందంటాం గానీ ఊపిరి మానలేదు. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలికంటే బరువు. నీళ్ళలాగే పల్లానికి చేరి నిలుస్తుంది. ఇదిగో, ఈ తొట్లలో పులుస్తున్న ద్రాక్ష వదిలేదీ అదే గాలి.”

“పదండి మేడమ్, మిగతాది కింద చెప్పుకోవచ్చు. అన్నీ సిద్ధం” అని మేస్త్రీ చేత్తో దారి చూపించాడు. పిల్లలు కదిలారు. ముందున్న అమ్మాయి గడియ మీద చెయ్యి వేసింది.

“అమ్మా.”

ఆ గొంతు తనదేనని పీపాకు ఒక క్షణం తెలియలేదు. అందరూ తిరిగి చూశారు. చెవులు వేడెక్కాయి.

“కింద దీపాలు ఆరిపోతున్నాయమ్మా. కింద పెడితే ఆరిపోతున్నాయి, పైకెత్తితే వెలుగుతున్నాయి. పిచ్చుకలు చచ్చిపోయాయి. పిల్లల్ని దించొద్దు.”

మేడమ్ మొహంలో నవ్వు పోయింది. అమ్మాయి చేతిని గడియ మీంచి తీసేసింది. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, గొంతు పెంచకుండా, “ఈ తలుపు మూసెయ్యండి. కొలిచే పరికరంతో ఎవరైనా వచ్చి చూసేదాకా ఎవర్నీ దిగనివ్వకండి” అంది.

“అలాగేనండి” అన్నాడు మేస్త్రీ, మొహం మాడ్చుకుని.

విందు పెరట్లోనే జరిగింది. గాజు గ్లాసులు కిందే ఉండిపోయాయి గనక పనివాళ్ళ రేకు లోటాల్లో తాగారు. పిల్లలు దానికే ఎక్కువ నవ్వారు. పీపాకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు. బస్సెక్కబోతూ గడియ మీద చెయ్యి వేసిన అమ్మాయి మాత్రం వెనక్కొచ్చింది. అప్పుడే వలవడం మొదలుపెట్టిన నారింజపండు అతని చేతిలో పెట్టి, ఏమనాలో తోచక, “తినండి తాతా” అని పరుగెత్తింది.

బస్సు మలుపు తిరిగేదాకా చూశాడు. అంతమంది ముందు మాట్లాడాడు. ఇంటికెళ్ళి మొదట ఏమని చెప్పాలో నోట్లోనే తిప్పుకుంటున్నాడు. ఎవరికి చెప్పాను, నేలకా? అని అడుగుతాడు ముందు. ఆమె ఏమంటుందో చూడాలి.

“బాబాయ్.” మేస్త్రీ కోపంగా లేడు. అలిసిపోయి ఉన్నాడు. “పోన్లే, మంచిపనే చేశావు. పిల్లలకి ఏదైనా అయితే మన పీకలకి చుట్టుకునేది. ఆ గ్లాసులొక్కటీ పైకి తెచ్చెయ్. అద్దె సామాను, పొద్దున్నే వచ్చేస్తారు. తలుపు తీసే ఉంచు, గాలాడుతుంది.”

“అలాగే.”

మేడమ్ అన్న మాట ఇద్దరూ విన్నదే. ‘ఎవర్నీ’ అంటే బయటినుంచి వచ్చినవాళ్ళెవర్నీ అని మేస్త్రీ అనుకున్నాడు. పీపా కూడా అలాగే అనుకున్నాడు. తానే నోరు తెరిచి ఆపిన ప్రమాదం తనకూ వర్తిస్తుందని అతనికి తోచలేదు. అన్ని రోజులూ దిగినవాడే కదా.

పళ్ళానికి రెండు చేతులూ కావాలి. నారింజపండును తలుపు పక్కన రాతిగూట్లో పెట్టి మెట్లు దిగాడు. కుక్క గడప దగ్గర ఆగి ఒక్కసారి మొరిగింది. కింద దీపాలన్నీ ఆరి ఉన్నాయి. చేతిలో దీపాన్ని భుజం ఎత్తుకు లేపి పట్టుకున్నాడు. ఈసారి అది అక్కడా కుంచించుకుపోయింది. దాన్ని చివరి మెట్టు మీద వదిలేసి, పైనుంచి వచ్చే మసక వెలుతురులో తడుముకుంటూ బల్ల చేరి పళ్ళెం అందుకున్నాడు. మూడు అడుగులు వేసేసరికి కాళ్ళు తనవి కాకుండా పోయాయి. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది అనుకున్నాడు. గ్లాసులు పగులుతాయేమోనని ముందు పళ్ళాన్ని నేల మీద ఆనించి, పక్కనే గోడకు చేరగిలబడ్డాడు. నిద్ర ముంచుకొచ్చింది, చిన్నప్పుడు వచ్చినట్టు.

ఎంత పిలిచినా పలకకపోయేసరికి మేస్త్రీ మెట్ల మీద సగం దూరం దిగి, తల తిరిగి, పాక్కుంటూ పైకొచ్చి కేకలు వేశాడు. పక్క లోయలోని గని నుంచి గాలి ముసుగులు తొడుక్కున్నవాళ్ళు వచ్చి పీపాను మోసుకొచ్చారు. బరువేమీ లేదన్నారు. గ్లాసు ఒక్కటీ పగల్లేదు.

భార్య పొయ్యి మసి అంటిన చేతులతోనే వచ్చింది. ఏడవలేదు. మేస్త్రీ ఆమె ముందు నేల మీద కూర్చుని జరిగింది చెప్పాడు: పిల్లలు దిగబోవడం, ఇతను ఆపడం.

“ఆయనా?” అంది.

“అవును పిన్నీ.”

“అందరి ముందా?”

“అందరి ముందే. పిల్లల్ని దించొద్దు అన్నాడు.”

“ఎలా అన్నాడు? మళ్ళీ చెప్పు.”

మేస్త్రీ మళ్ళీ చెప్పాడు. ఆమె తల వంచి విన్నది. ఇంకోసారి చెప్పమంది.

మర్నాడు ఇనపతలుపుకు తాళం వేసి, అడ్డంగా చెక్కలు కొట్టారు. పక్కన రాతిగూట్లో నారింజపండు ఉంది. ఒకవైపు తొక్క కొంచెం పైకి లేచి, గాలికి ఆరి, లోపలికి ముడుచుకుంటోంది.