వెంకటశేషమ్మ కారులో వెనక సీటు

అల్లూరులో వెంకటశేషమ్మ పొద్దున్నే చేసే మొదటి పని, కొట్టంలో ఉన్న పాత కారు వెనక తలుపు తీసి సీటు మీది గుడ్డుపెంకులు ఏరడం. ఆమె భర్త ఆ కారులోనే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నొప్పులు పడే ఆడవాళ్ళను నెల్లూరు ఆసుపత్రికి చేర్చేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా వెనక సీటు చల్లబడలేదు. ఆమె అందులో కోడిగుడ్లు పొదగవేసేది. కోడితో పని లేకుండానే పిల్లలయ్యేవి. ముసురు రోజుల్లో బాలింతల ఇళ్ళవాళ్ళు తడిగుడ్డలు ఆరేసుకోవడానికి వచ్చేవారు.

1962 కార్తీకంలో పక్క ఊరి రైతు చెంచురామయ్య ఆ కారును బేరం చెయ్యడానికి వచ్చాడు. కూతురు నాగులమ్మకు ఏడో నెల. ముందు రెండు కాన్పులూ నెలలు నిండకుండానే అయ్యాయి. ఎద్దులబండి నెల్లూరు చేరేలోపే బిడ్డలు దక్కకుండా పోయారు. మూడోసారి అలా కాకూడదని ఆయన ఆరాటం.

తెలిసిన దారినే తెలియని ఊరికి పోవాలనుకోవడం మనుషుల అలవాటు. ఎద్దును కొనేటప్పుడు ఏమేం చూస్తారో అవే చూశాడు. ముందరి కమ్మీలను పళ్ళలాగా లెక్కపెట్టాడు. ఒళ్ళంతా నిమిరి సుడులు వెదికాడు. వెనక చక్రాన్ని తట్టి, తన్నుతుందేమోనని పక్కకు తప్పుకున్నాడు. చివరికి సీటు మీద చెయ్యి పెట్టి మొహం చిట్లించాడు.

"అక్కా, దీనికి జొరముండాదే!"

"జొరం కాదన్నా, దాని గుణమే అంత."

"నిలబడున్నప్పుడే ఒళ్ళు కాలే ఎద్దును ఎవురన్నా కొంటారా?"

అయినా మనసొప్పక మర్నాడు నెల్లూరు నుంచి మెకానిక్కు హజరత్తయ్యను పిలుచుకొచ్చాడు. అతడు మూత ఎత్తి చూసి నవ్వాడు. "పెద్దాయనా, ఇంజన్లో ఎలుకలు కాపురం పెట్టినాయి. తోసేదానికి పదిమంది ఉంటే నెల్లూరేంది, మద్రాసుకైనా పోతుంది."

చెంచురామయ్య బేరం వదులుకున్నాడు.

పది రోజులకే నాగులమ్మకు నొప్పులొచ్చాయి. వానలో బండి కట్టారు. అల్లూరు దగ్గర కాలవ పొంగి దారి మూసుకుపోయింది. వెంకటశేషమ్మ వసారాలోనే ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పట్టేంత పిల్ల. ఏడవలేదు. కాళ్ళు చల్లగా ఉన్నాయి. చెంచురామయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

వెంకటశేషమ్మ సీటు మీది గుడ్లన్నీ కొంగులోకి ఎత్తేసి, "బిడ్డను ఇటియ్యండి" అంది.

నలభై రోజులు తల్లీబిడ్డా కారులోనే ఉన్నారు. నాగులమ్మ పాలు పిండి దూదితో పట్టేది. తాత రోజూ అద్దంలోంచి తొంగిచూసి, "ఎట్టుండాదమ్మా?" అనేవాడు.

నలభై ఒకటో రోజున పిల్ల వీధి దాకా వినిపించేలా గుక్కపట్టి ఏడ్చింది. వెంకటశేషమ్మ పరుగున వచ్చి, బిడ్డను ఎత్తుకుని, సీటు మీద చెయ్యి ఆనించింది. తోలు చల్లగా తగిలింది. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

వెనకే వచ్చిన చెంచురామయ్య తానూ సీటు తాకి చూశాడు. "కారు నేను కొంటానక్కా. ఎద్దుల్తో లాక్కుపోతా."

"తీసకపో అన్నా," అంది ఆమె, పిల్ల వెచ్చని వీపును నిమురుతూ. "మా ఆయనెప్పుడూ అంతే. ఎక్కించుకున్నోళ్ళను చేర్చిందాకా దిగేవాడు కాదు."