ఎడమకాలి చెప్పు

పోయిన ఏడాది ఒక ఆదివారం మా ఆయన శౌరయ్య ఒంటి చెప్పుతో మా చర్చి గుడిలోకి వచ్చాడు. కుడిచెప్పు బయట విడిచాడు, ఎడమది కాలికే ఉంది. పూజ మధ్యలో టపటపమని చప్పుడు. పాడేవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏవయ్యా, పొద్దున్నే తాగొచ్చావా?" అన్నాను చెవిలో. మందు వాసనే పడదు ఆ మనిషికి.

కిందికి చూసుకుని తెల్లబోయాడు. "విప్పాననే అనుకున్నానే తెరేసా!"

కొన్నాళ్ళుగా తిమ్మిర్లని గొణుగుతూనే ఉన్నాడు. మా గన్నవరం వైపు తిమ్మిరంటే షుగరే. పక్కింటి పద్మావతమ్మ గారు మెంతులు నానబెట్టి తాగమన్నారు. వీధి చివరి డాక్టరు బలం మాత్రలు రాశాడు. ఏం లాభం? కుట్టుమిషను తొక్కుతుంటే పాదం జారిపోయేది. దర్జీకి కాలు పడిపోతే ఇంకేం మిగులుతుంది? ఆ తర్వాత ఎడమచేతి వేళ్ళకు గుడ్డ కూడా పట్టు చిక్కలేదు. వెంటనే బెజవాడ తీసుకుపోయాను.

నరాల డాక్టరు శ్రీదుర్గ గారు బాధేమిటని అడిగితే, "తిమ్మిర్లండీ, షుగరనుకుంటా," అన్నాడీయన. నాకు ఒళ్ళు మండింది.

"తిమ్మిర్లేంటండీ! కాలికి చెప్పుందో లేదో తెలీట్లేదు ఈయనకి. అదీ ఆ ఒక్క కాలికే. నిప్పులు పోసినట్టుందని ఏడుస్తాడు కూడా."

ఆవిడ రాయడం ఆపారు. ఎడమపాదం పైకెత్తమన్నారు. లేవలేదు. పిక్కల మీద ఎర్రమచ్చలు చూశారు. మేము దోమకాట్లనుకున్నవే అవి. ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి.

"షుగరైతే మామూలుగా రెండు పాదాలకీ మెల్లగా వస్తుందండీ. ఇది ముందొక కాలు, తర్వాతొక చెయ్యి పట్టింది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే సన్నటి రక్తనాళాల మీద పడినట్టుంది. ఈ మచ్చలూ, ఆయాసం కూడా దానివే అనుకుంటా. అవి వాస్తే నరాలకి రక్తం అందదు. ఆలస్యం చేస్తే రెండో కాలూ పోతుంది."

రక్తపరీక్షలయ్యాయి. చీలమండ పక్క నుంచి చిన్న నరం ముక్క తీసి చూశారు. ఆవిడ అనుమానమే నిజమైంది. స్టెరాయిడ్ ఎక్కించారు, ఆపైన ఆ రోగనిరోధక శక్తిని అణిచే మందు పెట్టారు. ఆయన మొహం బూరెలా పొంగింది. మంట ముందు తగ్గుతుందనీ, బలం నెమ్మదిగా వస్తుందనీ, మొత్తం రాకపోవచ్చనీ డాక్టరమ్మ ఉన్నమాట చెప్పారు. అప్పటినుంచి ఆదివారాలు గుడి మెట్ల దగ్గర ఎడమచెప్పు నేనే విప్పేదాన్ని.

"సిగ్గుగా ఉందే," అనేవాడు.

"నోరు మూసుకో," అనేదాన్ని.

మళ్ళీ రోళ్ళు పగిలే ఎండలొచ్చాయి. మొన్న ఆదివారం నేను గొడుగు మడిచేలోపే తనే చెప్పు విప్పి మెట్టు మీద కాలు పెట్టాడు.

"అమ్మో! కాలిందే!"

"ఏ కాలయ్యా?"

"ఎడ..." అని ఆగిపోయాడు. నా మొహంలోకి చూశాడు.

లోపల పాట మొదలైంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

"ఇంకోసారి పెట్టవయ్యా," అన్నాను.

పెట్టాడు.