బోణీ వాపసు

భాగ్యశ్రీ బెంగళూరు ఉద్యోగం మానేసి, హిందూపురంలో ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా పని మొదలుపెడితే ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆ పిల్లకు ఎక్కువ బాధ. అందుకే ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే నీలావతి “నాకొక యాప్ చేసిపెట్టు” అన్నప్పుడు సంబరంతో గాల్లో తేలిపోయింది. మొదటి పని ఇది. చెడిందా, రెండో పని ఇచ్చేవాడుండడు.

చీరల ఫోటోలు పెట్టడం సులువే. డబ్బులు పుచ్చుకునే భాగమే తల తినేసింది. దానికోసం ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామును, పేమెంట్ లైబ్రరీ అంటారు దాన్ని, తెచ్చి యాప్‌లో కలపాలి. కలిపితే ఒకరోజు డబ్బు పోయేది, ఆర్డరు వచ్చేది కాదు. ఇంకోరోజు ఒకే చీరకు రెండు ఆర్డర్లు. అదంతా ఉత్తుత్తి డబ్బుతో చేసే పరీక్ష కాబట్టి సరిపోయింది. కుస్తీ పట్టి పట్టి చివరకు దారికి తెచ్చింది.

శుక్రవారం పొద్దున యాప్ మొదలు. అంగడి ముందు ముగ్గేసి నీలావతి దీపం వెలిగిస్తోంది. భాగ్యశ్రీ ఒక మూల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఉత్తుత్తి డబ్బు తీసేసి అసలు డబ్బుకు మార్చింది. ఈ పని చేసేవాళ్లకు ఒక అలవాటుంది. తమ ఫోన్‌లోంచి ఒక్క రూపాయి పంపి చూస్తారు. చేరితే, దాన్ని వెనక్కి పంపి చూస్తారు. రెండూ జరిగితే గుండె కుదుటపడుతుంది. భాగ్యశ్రీ కూడా అదే చేసింది.

నీలావతి ఫోన్ మోగింది.

“రూపాయొచ్చెనే!” అంటూ ఆమె ఫోన్‌ను కళ్లకద్దుకుంది. అద్దుకున్న ఫోన్ దించేలోపే మళ్లీ మోగింది. రూపాయి వాపసు పోయింది.

నీలావతి ముఖం నల్లబడింది. “ఏందమ్మణ్ణీ ఇది? బోణీ వాపసు పంపిస్తివా?”

“అది బోణీ కాదత్తా, టెస్టు. నా రూపాయే నాకొచ్చింది.”

“రూపాయైతేనేమి, లక్షయితేనేమి? శుక్రవారం పూట మొదట వచ్చిన దుడ్లు! మా అత్త కాలం నుంచి ఈ అంగట్లో బోణీ వెనక్కి పోయింది లేదు. నాకీ యాపూ వద్దు, ఏమీ వద్దు. తీసెయ్.”

భాగ్యశ్రీ టెస్టు అంటే ఏమిటో వివరించబోయి ఆగింది. తన మీద తనకే ఒళ్లు మండింది. వాళ్లమ్మ వసుంధరకు పెనుకొండలో గాజుల అంగడి. పొద్దున్నే కొన్న గాజులు ఎవరైనా తిరిగిస్తే వేరే రంగు తీసుకోమంటుందే తప్ప బోణీ డబ్బు ముట్టుకోనివ్వదు. మరీ పట్టుబడితే, ఇంకో బేరం అయ్యాక రమ్మంటుంది. ఆ గాజుల మధ్య పెరిగిన పిల్ల ఇంత మాట ఎలా మరిచిపోయింది?

“తప్పు నాదేనత్తా. కొంచెంసేపు ఓర్చుకో” అని, డబ్బు వాపసు పంపే చోట నాలుగు వరుసల కోడ్ చేర్చింది. రోజులో మొదటి అమ్మకం డబ్బు, రెండో అమ్మకం అయ్యేదాకా వెనక్కి పోదు. ఈలోగా కావాలంటే చీర మార్చుకోవచ్చు. లైబ్రరీ రాసిన మహానుభావులకు ఈ సంగతి తట్టి ఉండదు. పాపం, వాళ్లమ్మలకు గాజుల అంగళ్లు లేవు కదా.

చేసిందేమిటో చెబితే నీలావతి కోపం సగం దిగింది. “ఇది సరే. ఈ పొద్దు పోయిన బోణీ సంగతేంది?”

“ఎవరో ఒకరు కొంటారు కదత్తా.”

“నీ చేత్తో పోయింది. నీ చేత్తోనే రావల్ల.”

భాగ్యశ్రీ తన ఫోన్ తీసింది. ఫోటో తీసేటప్పుడే అమ్మకు బాగుంటుందనుకున్న వంకాయ రంగు చీర ఒకటి ఉంది. యాప్‌లో దాన్నే ఎంచుకుంది. “బోణీ బేరం, తగ్గిస్తాలే” అంది నీలావతి మెత్తబడి. తగ్గించే బటన్ ఏదీ? అది పెట్టాలని ఇద్దరికీ తోచలేదు. భాగ్యశ్రీ పూర్తి ధర కట్టింది. నీలావతి ఫోన్‌ను కళ్లకద్దుకుని, మళ్లీ మోగుతుందేమోనని చాలాసేపు దించలేదు. మోగలేదు.

సాయంత్రం పెనుకొండలో వసుంధర చీర ఒళ్లో పరుచుకుని మురిసిపోయింది. “బేరమాడలేదా?” అని అడిగింది.

“నేను చేసిన యాప్‌లో నేనే ఎట్లా ఆడేదమ్మా?”

అప్పుడే నీలావతి ఫోన్ చేసింది. భాగ్యశ్రీ స్పీకర్ పెట్టింది.

“తనకల్లు నుంచి ఒకామె, హిందూపురం నుంచి ఇంకొకామె, వరసబెట్టి కొంటాండారు! నీ చెయ్యి మంచిదమ్మణ్ణీ.”

“అయితే యాప్ ఉంచుకుంటావా అత్తా?”

“ఉంచుకోకేం? కానీ ఒక మాట. ఇంక ప్రతి శుక్రవారం బోణీ నువ్వే చేయల్ల.”

భాగ్యశ్రీ తెల్లబోయి అమ్మ ఒళ్లోని చీర వైపు చూసింది. వసుంధర నవ్వాపుకుంటూ ఫోన్ దగ్గరికి వంగింది. “ఏమక్కా, మీ అంగట్లో తక్కువ ధరకు జాకెట్టు గుడ్డలు కూడా ఉండాయి కదా?”

“ఉండకేం! అవీ యాప్‌లో పెట్టమను.”

భాగ్యశ్రీ ల్యాప్‌టాప్ తెరిచింది. జాకెట్టు గుడ్డల కంటే ముందు, బోణీకి ధర తగ్గించే బటన్ పెట్టింది.