ముందు వరస కుర్చీ

నేను ఒక డై బ్రష్‌ను. నెరిసిన తల చూస్తే నాకు ఒళ్ళు మంట. తల నెరిసి కూడా సంతోషంగా తిరిగేవాళ్ళను చూస్తే ఇంకా మంట. నన్ను ఈ గతికి తెచ్చింది అలాంటి మనిషే కాబట్టి నా దగ్గర తియ్యటి మాటలు ఆశించకండి.

ఒక రేకుల షెడ్డులో నల్ల ప్లాస్టిక్ కరిగించి నాకు పిడి పోశారు, చివర కుచ్చు బిగించారు. తెనాలిలో నన్ను మొదట కొన్నది ఒక హిందీ మాస్టారు. ఆయనకు తల మీద ఏమీ మిగల్లేదు, మీసానికే వాడేవాడు. రిటైరైన మర్నాడే ఆ మీసం కూడా తీయించేసుకున్నాడు, ద్రోహి. వాళ్ళావిడ నన్ను కడిగి పక్కింటి రత్నావళికి ఇచ్చింది.

అప్పుడు రత్నావళికి నలభై. తొమ్మిదేళ్ళపాటు పదిహేను రోజులకోసారి ఆమె పరువు కాపాడాను. ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఆమెకు ఒకటే దిగులు. అత్తవారింట ఏ పెళ్లి జరిగినా స్టోర్ రూమ్ తాళాలు ఆమెకే అప్పగించేవాళ్ళు. "నువ్వు చురుకైనదానివి" అని ఆడపడుచు సుభాషిణి పొగిడి మరీ చేతిలో పెట్టి, తను వెళ్ళి ముందు వరసలో కూర్చునేది. రత్నావళి లడ్డూలకూ నేతి డబ్బాలకూ కాపలా. పాతికేళ్ళలో ఆ ఇంట ఒక్క పెళ్లిలోనూ తాళి కట్టడం చూడలేదు. గోడ అవతల నుంచి బాజాలు వినేది, అంతే. ఇప్పుడు తోటికోడలి కూతురు పెళ్లి. ఆమె చేతుల్లో పెరిగిన పిల్ల.

"దీని పెళ్లయినా కళ్ళారా చూడాలి," అని గొణుక్కుంటూ పెళ్లి రోజు పొద్దున్నే విడిది గదిలో రంగు కలిపింది. రెండు నెలలు జ్వరంతో పడి ఉండి రంగు వేసుకోకపోవడం వల్ల తలంతా తెల్లబడిపోయింది. చూడలేకపోయాను. నన్ను గిన్నెలో ముంచిందో లేదో వంటవాడు తలుపు కొట్టాడు.

"అమ్మా, స్టోరు తాళాలండీ! జీడిపప్పు కావాలండీ!"

వెళ్ళింది. జీడిపప్పు తర్వాత బెల్లం, బెల్లం తర్వాత విస్తళ్ళు. తిరిగొచ్చేసరికి గిన్నెలో రంగు గట్టిపడిపోయింది. చిరుగుల కాగితంలో చుట్టి నన్ను జిప్పు పడని హ్యాండ్‌బ్యాగులో కుక్కి, ఆ తెల్ల తలతోనే మండపంలోకి నడిచింది. బాగా అయింది అనుకున్నాను. అందరూ నవ్వాలి, ఈవిడ ఏడవాలి, ఏడుస్తూ నా దగ్గరికే రావాలి.

ఎవడో మగపెళ్ళివారి కుర్రాడు లేచి నిలబడ్డాడు. "మీరు కూర్చోండమ్మా," అన్నాడు.

ముందు వరస. ఫ్యాన్ కింద. రత్నావళి ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాఫీ ముందు ఆమెకే ఇచ్చారు. వీడియో తీసేవాడు అడ్డం నిలబడితే, "నాయనా, పక్కకి జరుగు, నాకు కనపడట్లా," అంది. వాడు మారుమాట లేకుండా జరిగాడు! మొన్నటిదాకా ఈ మనిషి గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడేది కాదు.

ముహూర్తానికి పది నిమిషాలుందనగా సుభాషిణి వచ్చింది. యాభై మూడేళ్ళ మనిషి, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ పనితనం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

"రత్నా, నెయ్యి అడుగుతున్నారు. లే, లే."

"నా మోకాళ్ళు లేవనంటున్నాయి వదినా," అంది రత్నావళి. పచ్చి అబద్ధం. పొద్దున రెండేసి మెట్లు ఎక్కింది. "మీరింకా పాతికేళ్ళ పిల్లలా ఉన్నారు. ఒక్క ఉదుటున వెళ్ళొచ్చేయండి." తాళాలు ఆమె చేతిలో పెట్టేసింది.

తన వయసు ఒప్పుకుంటే తప్ప సుభాషిణి కాదనడానికి వీల్లేదు. చుట్టూ జనం. పళ్ళు నూరుకుంటూ వెళ్ళింది.

గట్టిమేళం మోగింది. మూడు ముళ్ళూ రత్నావళి కళ్ళారా చూసింది. అక్షింతలు వేస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఇంత ఆనందం నేను తొమ్మిదేళ్ళు అద్దిన నలుపుతో ఏనాడూ రాలేదని ఒప్పుకోవడానికి నాకు అసహ్యంగా ఉంది.

రొప్పుతూ వచ్చింది సుభాషిణి. "అయిపోయిందా?"

"అయిపోయింది. చాలా బాగా జరిగింది," అంటూ రత్నావళి కాగితం పొట్లం తీసి ఆమెకిచ్చింది. "ఇది మీరు ఉంచుకోండి. నాకిక అక్కర్లేదు."

నా గుండె పొంగింది. విలువ తెలిసిన చేతుల్లో పడ్డాను!

సుభాషిణి పొట్లం విప్పి నన్ను చూసింది. మరదలు చాపుకున్న కాళ్ళను చూసింది. నన్ను ఎంగిలి విస్తళ్ళ బుట్టలోకి విసిరేసింది.

"కాస్త జరగవే," అంది. "నాకూ మోకాళ్ళు నొప్పిగానే ఉన్నాయి."