ఏడు కుంచాల చేను

రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు రైతు సలహా కేంద్రం. చల్లటి గది, ఇరవై కంప్యూటర్లు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఇరవైమంది పిల్లలు. రైతు ఫోన్‌లో చెప్పేది కంప్యూటరే వింటుంది. జవాబూ అదే రాస్తుంది. పిల్లలు దాన్ని చదివి వినిపిస్తారు. ఆ గది చూసిన వాళ్ళెవరైనా మన పిల్లలు ఎంత పైకొచ్చారో అని మురిసిపోతారు.

పావని అక్కడ చేరి రెండు నెలలైంది. తునిలో కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి, వ్యవసాయ డిప్లొమా చదివింది. అందరికంటే తొందరగా కాల్ ముగిస్తుందని పేరు. ఇంకో నెల గడిస్తే ఉద్యోగం ఖాయం.

ఆ రోజు కోనసీమ నుంచి చంద్రరావు అనే రైతు ఫోన్ చేశాడు.

“ఏడు కుంచాల చేనండి. నారు ఊడ్చి నాలుగు రోజులైంది. ఈ కొత్త కలుపు మందు ఇసకలో కలిపి ఎంత చల్లమంటారు?”

తెర మీద జవాబు వచ్చింది. “ఏడు సీసాలండి,” అని చదివింది పావని.

“ఏడే! అంత కావాలా అమ్మా? మళ్ళీ చూడు.”

పావని మళ్ళీ చూసింది. ఏడనే ఉంది. “అవునండి, ఏడే.”

“చదువుకున్నోళ్ళు, మీరు చెప్పాక ఇంకేముందండి.”

వారం తిరక్కుండా చేను మాడిపోయింది. కుంచం అంటే ఏమిటో తెలియని కంప్యూటరు దాన్ని ఎకరం అనుకుని, ఎకరానికో సీసా లెక్క కట్టింది. పావనికి కుంచమంటే వాళ్ళ నాయనమ్మ బియ్యం కొలిచిన పాత్ర. ఆ మాట చేనుకెందుకు వచ్చిందని ఆమెకు తోచనేలేదు. సంగతి కేంద్రానికి చేరాక మేనేజరు సుకుమార్ పిలిచి, “చదివింది నువ్వే కదా, రేపట్నుంచి రానక్కర్లేదు,” అన్నాడు.

పావని ఏడుస్తూ కాలేజీకి వెళ్ళింది. తనకు పాఠం చెప్పిన జగన్నాథరావు మాస్టారికి జరిగిందంతా చెప్పి, “చేనుకి కుంచం ఏంటండి మాస్టారూ?” అని అడిగింది. ఆయన తను పాఠం చెప్పే తరగతి గది వైపు చూశారు.

ఒకప్పుడు శుక్రవారం వచ్చిందంటే ఆ తరగతి గదికి తాళమే. పిల్లలంతా సైకిళ్ళెక్కి కాలవగట్టు మీద బారులు తీరేవారు. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి చేలో దిగితే, ఊడుపుల్లో ఉన్న ఆడవాళ్ళు, “ఏంటి బాబూ, వరికి పాఠం చెప్పడానికొచ్చారా?” అని ఆటపట్టించేవారు. మధ్యాహ్నం గట్టు మీద క్యారేజీలు విప్పితే రైతు ఇంటి నుంచి ఆవకాయ వచ్చేది. ఆ కబుర్లలోనే పుస్తకంలో లేని మాటలెన్నో పిల్లల చెవిన పడేవి. ఎంత మంచి రోజులవి! మూడేళ్ళ కిందట ఆ శుక్రవారాన్ని మాస్టారే తీసేశారు. ‘ఏఐ నేర్పండి, పొలాలెందుకు’ అని తల్లిదండ్రులు పట్టుబడితే ఆ గంటలన్నీ ల్యాబ్‌కి ఇచ్చేశారు. ల్యాబ్ వద్దని ఎవరూ అనరు. దాని కోసం చేను వదులుకోవాలని మాత్రం ఎవరు చెప్పారు?

మర్నాడు గురుశిష్యులిద్దరూ చంద్రరావు చేనుకి వెళ్ళారు. పచ్చగా ఉండవలసిన మడి గడ్డివాము రంగులో ఉంది. పక్క రైతు దగ్గర మిగిలిన నారు అడిగి తెచ్చి మళ్ళీ ఊడ్చాలని, చంద్రరావు మందు కలిసిన నీళ్ళు తీసేస్తున్నాడు.

“నా వల్లేనండి,” అంది పావని చేతులు జోడించి.

“చల్లింది నేనే కదమ్మా. అనుమానమొచ్చే అడిగాను. నువ్వు చూసి చెప్పావనుకున్నాను.”

“చూశానండి. తెర చూశాను.”

“ఇక్కడ కుంచమంటే పది సెంట్లమ్మా,” అన్నారు మాస్టారు. పావని లెక్క కట్టుకుంది. డెబ్భై సెంట్లు. ఒక్క సీసా తెస్తే అందులోనూ మిగిలేది. ఆమెకు దుఃఖం ఆగలేదు.

పావని ఉద్యోగం పోయిందని తెలిసి చంద్రరావు చేతులు కడుక్కుని మేనేజరుకి ఫోన్ చేశాడు.

“ఏవండీ, ఈ అమ్మాయిని తీసేసి కుంచం తెలియనోళ్ళని ఇంకొకళ్ళని కూచోబెడతారా? నా చేను పోగొట్టుకుని నేర్పానండి ఈ పిల్లకి. ఇకమీదట నా ఫోను ఈవిడే ఎత్తాలి.”

అవతల సుకుమార్ కుంచమంటే ఎన్ని సెంట్లో అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, “సోమవారం రమ్మనండి,” అన్నాడు.

పావని మళ్ళీ చేతులు జోడించబోతే మాస్టారు ఆపారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

“క్షమాపణ చెప్పాల్సింది నేనమ్మా. జవాబు చదవడం నేర్పాను. రైతు ‘అంత కావాలా’ అన్నప్పుడు ‘ఆగండి, మీ చేను ఎన్ని సెంట్లు?’ అని తిరిగి అడగడం నేర్పలేదు. యంత్రాలు వస్తాయి, రావాలి కూడా. కానీ అవి తప్పు చెప్పినప్పుడు పట్టుకునే చదువు ఇవ్వకుండా పిల్లల్ని వాటి ముందు కూర్చోబెడితే, ఆ నేరం పిల్లలది కాదు, పెద్దలమైన మనది.”